పరుపుబండ మీద సాచ్చెం

రెండు లైన్లల్లనే పంపాల్నట! ప్రార్థన మనవి రెండు లైన్లకు మించితె గ్రూపుల నుంచి తీసేస్తరట. ఈ పొద్దు చాయ తాగుకుంట ఫోన్ తెరిస్తె మా చర్చి గ్రూపుల అడ్మిన్ అన్న వెట్టిన ఫర్మానా ఇది. "చదువుటానికి అందరికి ఈజీ ఉంటది" అని కింద ఒక పువ్వు బొమ్మ గూడ. నేనూకుంటనా? "అన్నా, మనవి నీకా దేవునికా? వినేది ఆయనైతె నడుమల నీకేం బరువు?" అని వెట్టిన. ఆయన చేతులు జోడిచ్చిన బొమ్మ వెట్టిండు. నన్ను తిట్టినా గంత మండది గని, కొట్లాట నడుమల చేతులు జోడిచ్చిన బొమ్మ వెడ్తె మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతది. ఇంకా నాలుగు మెసేజ్‌లు వెట్టిన. వంటింట్లకెల్లి అమ్మ, "పొద్దు పొద్దుగాల ఎవలతోని లొల్లి వెట్టుకున్నవే?" అని అడిగింది. "చర్చితోని" అన్న. "అయితె ముందు మొకం కడుక్కో" అన్నది.

నా బాధ అడ్మిన్ అన్నకు ఎట్ల తెలుస్తది? ఆయన మా అవ్వ ప్రార్థన వినలే గదా. మా బాపును కన్న అవ్వ. దేవరకొండ దాటినంక, బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దిగి నడిస్తె వచ్చే ఊర్ల ఉంటది. అవ్వ ప్రార్థన మొదలువెట్టినప్పుడు పాస్టరయ్య భాష ఉంటది. "సర్వశక్తిగల తండ్రీ, కృపామయుడవైన దేవా" అని మెల్లగ, గంభీరంగ, రాగం తీసుకుంట. నాలుగు మాటలు గాంగనే ఆ భాష అయిపోతది. ఇగ అసలు అవ్వ బయటికొస్తది. "అగో తండ్రీ, గా మూలింటి పొల్లకు మల్ల కడుపునొప్పి లేసింది. నిన్న గూడ చెప్పిన నీకు. మర్సినవా, ఏమన్న పనిల వడ్డవా?" కండ్లు గట్టిగ మూసుకొని దేవునితోని మాట్లాడుతది గని వాడంత వినవడుతది. ఎవలింట్ల కోడలు అలిగింది, ఎవలు తాగొచ్చి ఎవల గేటు తన్నిండు, అన్నీ ఆమె ప్రార్థనల్నే బయటవడ్తయి. పక్కింటి ముచ్చట తెల్వాలంటె ఆడోళ్లు మాపటి ప్రార్థనకు ముందల వరుసల కూసుంటరు. చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు పోతె నా ముచ్చట గూడ చెప్పింది: "గీ పట్నం పొల్లకు కోపం ముక్కు మీదనే ఉంటది తండ్రీ. గా ముక్కును జర చల్లగ జెయ్యి." నేను కండ్లు తెరిచి చూస్తె వరుసంత నా ముక్కు దిక్కే చూస్తున్నరు. చల్లగైతదా ముక్కు? ఇంకా కాలింది.

గసొంటి అవ్వ కాడ నేను ఇరుక్కపోయింది రెండోసారి కరోన వచ్చినప్పుడు. మాది పట్నంల రెండర్రల కిరాయిల్లు. బాపు బస్సు డిపోల మెకానిక్. మనుషులు ఇంట్ల కూసున్నా బస్సులు ఊకనే ఖరాబైతయి గావచ్చు, బాపు రోజు డ్యూటీకి పోతుండె. గల్లీల ఒకలెనుక ఒకలు పడుతుంటె బాపు భయపడి నన్ను అవ్వ కాడికి తోలిండు. నేను పోనని లొల్లి చేసిన. ఆన్‌లైన్ క్లాసులున్నయి, దోస్తులున్నరు, ఆ ఊర్ల సిగ్నల్ లేదు. "సిగ్నల్ లేకుంటె సావవు, ఈడ ఉంటె సస్తవు, పో" అన్నడు బాపు. ఆయన మాట్లాడే పద్ధతే గంత.

సిగ్నల్ నిజంగనే లేదు. వాడల ఏడ నిలవడ్డా ఫోన్ మీద సిగ్నల్ కాడ కొట్టేసిన గుర్తే. ఊరి చివర్ల ఒక పరుపుబండ ఉంటది, మంచమంత కాదు, పెండ్లి పందిరంత వెడల్పు. దాని నెత్తి మీద, ఒక్క మూలన, సరిగ్గ ఒక్క మనిషి కూసునే జాగల మాత్రం రెండు గీతలు వస్తయి. పడమటి దిక్కు మొకం తిప్పితె మూడోది గూడ. నా బతుకంత ఆ మూలకొచ్చింది. ఎండల కాలుతున్నా నెత్తి మీద చున్ని కప్పుకొని ఆన్నే. ఆ బండకు ఆనుకొనే గొర్ల దొడ్డి ఉంటది, ముండ్లకంప కట్టి. అది గొర్ల కాకది.

గొర్ల కాకంటె మా బాపు ఈడోడు. ఇద్దరు కలిసి బడికి పోయిన్రు, కలిసి బడి ఎగ్గొట్టిన్రు, బాయిల కలిసి ఈత నేర్చిన్రు. బాపు పట్నం పోయి బస్సుల కింద పండుకుంటె కాక గొర్లెంబడి పోయిండు. ఇప్పటికి బాపు ఊరికొస్తె మొదలు పోయేది అవ్వింటికి కాదు, దొడ్డి కాడికి. గని ఆ యేడు అవ్వకు కాకకు మాటల్లేవు. కాక మేకలు వచ్చి అవ్వ చిక్కుడు పందిరంత మేసిపోయినయి, వేర్ల దాక. అవ్వ ఆ దినం మాపటి ప్రార్థనల కాక మేకలను ఒక్కొక్కదాన్ని రంగు, కొమ్ము, చెవి ఆనవాలు చెప్పి మరీ దేవునికి అప్పజెప్పింది. ఆ ముచ్చట కాకకు ఎవలో ముట్టిచ్చిన్రు. "నా మేకలను శపిస్తదా ముసల్ది" అని కాక అలిగిండు. అప్పటికెల్లి బండ కాడ ఇద్దరు ఎదురెదురు వడ్డా, అవ్వ ఆకాశం దిక్కు, కాక గొర్ల దిక్కు.

నేను పోయి వారం గూడ కాలే, బాపుకు జ్వరం, ఎనుక దగ్గు, ఆటెనుక దవాఖానల వడ్డడు. అమ్మను లోపటికి రానియ్యలే. ఆమె దవాఖాన గేటు కాడ సంచి పట్టుకొని కూసోని, లోపటి నర్సమ్మను అడిగి నాకు ఫోన్ చేస్తుండె. నేను బండ మీద. అమ్మ చెప్పేది ఒక్కటే, ఆక్సిజన్ నంబర్. మొదటిసారి "ఎనభై ఆరంటనే" అని అమ్మ ఏడ్సింది, నేను ఏడ్సిన. పక్కన కూసున్న అవ్వకు ఏం అర్థం గాలే. "ఎనభై ఆరొస్తె ఎందుకేడుస్తవే? నీ బాపుకు బడిల ఎన్నడన్న గన్ని మార్కులొచ్చినయా?" అన్నది. నేను ఏడ్సుకుంటనే నవ్విన, నవ్వుకుంటనే అవ్వ మీద ఒర్లిన. ఎనభై ఆరంటె పాసు గాదు ఫేలు, తొంభై అయిదు దాటాలె అని చెప్పిన. అవ్వ కొంగుతోని నా మొకం తుడిసి, "గింత కష్టమైన పరీక్ష ఎవడు వెట్టిండే నా కొడుక్కు" అన్నది. ఇగ ఆ దినంకెల్లి రోజు ఆమె అడుగుడు గంతే: "ఎన్ని మార్కులు?"

చర్చి మూసేసిన్రు గదా, కూటం ఫోన్లకొచ్చింది. దేవరకొండల ఉండే పాస్టరయ్య ఆదివారం నాడు అందరినీ ఒక్క కాల్‌ల కలుపుతుండె. ఇరవై ఇండ్ల దాక కలుస్తయి, చుట్టుపక్కల ఊర్లయి. మా వాడ మొత్తానికి సిగ్నల్ జాగ ఆ బండ ఒక్కటే కాబట్టి ఆడోళ్లంత మూతులకు గుడ్డలు కట్టుకొని ఎడం ఎడం కూసుందురు, నడుమల నేను ఫోన్ స్పీకర్ మీద వెట్టి ఎత్తి పట్టుకుందును. చెయ్యి గుంజుతుండె, ఒక్కరన్న "పాపం పొల్ల" అనలే. పాస్టరయ్య వాక్యం చెప్పుతుంటె కాక దొడ్డికెల్లి ఒక్క మేక "మ్యా" అనేది. "ఎవరింట్లనో మేక మాట్లాడుతుంది, దయచేసి మ్యూట్ చేయండి" అనేటోడు పాస్టరయ్య. నేను మ్యూట్ చేద్దునా, అవ్వ నా చెయ్యి పట్టుకొనేది. మ్యూట్ అంటె ఆమెకు మూత. మూత వడ్డ ఫోన్ల ప్రార్థన చేస్తె అది ఆన్నే ఆగిపోతదని ఆమె నమ్మకం. "మూత తియ్యే! పోతలేదు అది పైకి!" అని ఒర్లేది. ఎంత చెప్పినా ఇనలే. ఇగ మూత తీసినంక అవ్వ ప్రార్థన ఇరవై ఇండ్లల్ల మోగేది:

"తండ్రీ, నా కొడుకు పెద్ద దవాఖానల రెండో అంతస్తుల ఉన్నడు. మెట్లెక్కినంక ఎడమ చేతి దిక్కు. కిటికి పక్క మంచం. నీకు తెల్సు గని మల్ల జెప్తున్న, ఎందుకంటె గదే పేరుతోని గదే వార్డుల ఇంకొకడున్నడంట. కలగలుపుకోకు. ఇద్దరినీ బాగుజేస్తె ఇంకా మంచిది, నీకు అడ్రసు ఎతుకుడు గూడ ఉండది."

ఇప్పుడు చెప్పుండ్రి, ఇది రెండు లైన్లల్ల అయితదా?

గీ నడుమలనే ఊర్ల ఇంకొక పరేషాన్ మొదలైంది. రోడ్డు పొంటి సర్కారోళ్లు మొక్కలు పెట్టిచ్చిన్రు, వేప, కానుగ, గుల్మొహర్. లాక్‌డౌన్ల మనుషులు ఇండ్లల్ల ఉన్నరు గని మేకలకు లాక్‌డౌన్ ఎవడు చెప్తడు? ఒక దినం పొద్దుగాల చూస్తె వరుసంత మోడులే. పంచాయితి సెక్రటరి మోటర్ సైకిల్ మీద వచ్చిండు, మాస్కు గడ్డం కిందికి గుంజి, బండ కాడ నిలవడి గట్టిగ చెప్పిండు: "ఎవల మేకలు తిన్నయో నాకు తెలుస్తది. దొరికినోనికి జుర్మాన, కట్టకుంటె మేకలను పంచాయితి ఆఫీసుల కట్టేస్త. చూసినోళ్లు ముందటికొచ్చి సాక్ష్యం చెప్పుండ్రి." అందరు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. కాక మాత్రం వంగి ఒక గొర్రెపిల్ల కాలు చూసుకుంట నిలవడ్డడు. ఆ కాలుకు ఏం కాలే.

సరిగ్గ ఆ ఆదివారమే మా అవ్వ మొక్కుకున్నది. ఫోన్ ఎత్తి పట్టుకున్న, మూత తీసిన. అవ్వ లేసి నిలవడి, చెయ్యి పైకెత్తి, కాక దొడ్డి అవతలి దాక వినవడేటట్టు అన్నది: "తండ్రీ, నా కొడుకు పానంతోని ఇంటికొస్తె, నేను దాసుకోను. చూసింది చూసినట్టు, అందరి ముందల, గీ బండ మీదనే నిలవడి సాచ్చెం చెప్త!"

దొడ్డిల ఏందో ధడేల్మన్నది. చూస్తె కాక చేతుల ఉన్న నీళ్ల బకెట్ కింద వడ్డది. గొర్లన్ని ఒక్క దిక్కు ఉరికినయి.

చర్చికి పోయేటోళ్లకు సాక్ష్యం అంటె ఏందో చెప్పే పని లేదు. దేవుడు మనకు చేసిన మేలును పదిమంది ముందల చెప్పుడు. నడుం నొప్పి పోయినా సాక్ష్యమే, పొల్లకు నౌకరి దొరికినా సాక్ష్యమే. మా అవ్వ అయితె పోయిన తాళంచెవి దొరికితె గూడ చెప్తది. గని కాకకు ఎట్ల తెలుస్తది? ఆయన ఎరిగిన సాక్ష్యం పోలీస్ స్టేషన్ల చెప్పేది, పంచాయితీల చెప్పేది. సెక్రటరి వచ్చి సాక్ష్యం అడిగి రెండు దినాలు గూడ కాలే. చిక్కుడు పందిరి పగ అవ్వకు ఉండనే ఉన్నది. ఆమె "చూసింది చూసినట్టు" అంటున్నది. ఇంకేం మిగిలింది? కాక లెక్క కాకకు సాఫ్‌గ ఉన్నది: దోస్తు బతికి వస్తె, ముసల్ది నోరు ఇప్పుతది. మేకలు పోతయి.

ఇదంత నాకు అప్పుడు తెల్వదు. నాకు కనవడింది ఏందంటె, రోజు పొద్దుగాల నేను బండ ఎక్కంగనే కాక దొడ్డి కంప మీదికెల్లి తల ఎత్తి అడుగుడు:

"ఎట్లున్నడు బిడ్డ నీ బాపు?"

"జర నయమంట కాక. తొంభై ఒకటి."

"అబ్బ, మంచిగైంది" అని మొకం వెలిగేది. ఆ వెలుగు ఆర్పుకుంట, "మరి... ఇంటికెప్పుడు పంపుతరట?" అనేటోడు.

"ఇంకా చెప్పలే."

"తొందరేం లేదు. నిమ్మలంగ పంపమను. పూర్తిగ తగ్గినంకనే. తొందరపడొద్దని చెప్పు మీ అమ్మకు."

ఎంత మంచోడు, ఎంత ఫికర్ చేస్తున్నడు అనుకున్న. ఇంకొకటి గూడ కనవడింది. కాక కావడి కట్టుకొని బోరింగు కాడికెల్లి నీళ్లు మోస్తున్నడు. దొడ్డికి కాదు, రోడ్డు పొంటికి. మోడు మోడుకు బిందెడు నీళ్లు. చుట్టూత ముండ్లకంప కట్టిండు. ఎరువు చల్లిండు. పొద్దుగాల పోయి ఒక్కొక్క మోడు కాడ గొంతుకూసోని, కండ్లు చిన్నగ చేసి చూసేటోడు, దవాఖానల డాక్టర్ చూసినట్టు. ఒక దినం నన్ను పిలిచి, "బిడ్డ, నీ కండ్లు మంచియి, చూడు, గిది చిగురా, పురుగా?" అని అడిగిండు. చిగురే. ఆయన సంబురం చూడాలె. ఊరోళ్లు బిత్తరవోయిన్రు. కాక భార్య, గొర్ల చిన్నమ్మ, బండ మీదికొచ్చి మా అవ్వ ఇనేటట్టు నాతోని, "నా మొగనికి కరోన దిమాకుకెక్కినట్టుంది. ఇంట్ల తులసిచెట్టుకు ఎన్నడు సెంబెడు నీళ్లు పొయ్యనోడు సర్కారు చెట్లకు పోస్తున్నడు" అన్నది. సెక్రటరి గూడ ఒకసారి మోటర్ సైకిల్ ఆపి, "నీ అసొంటోడు ఊరికొకడుండాలె" అన్నడట. కాకకు ఆ దినం అన్నం దిగలేదని చిన్నమ్మ చెప్పింది.

అంటె రెండు దిక్కుల పందెం నడుస్తున్నది. పట్నంల మా బాపు లేసుడు, ఈడ మోడులు చిగురేసుడు. కాక ఈ రెండింటి నడుమల కావడేసుకొని ఉరుకుతున్నడు.

ఇగ ఆ మధ్యాన్నం. ఎండ నెత్తి మీద ఉన్నది. అమ్మ ఫోన్ వచ్చింది. మాట్లాడుతలేదు, ఊపిరి ఒక్కటే వినవడుతున్నది. నేను "అమ్మా, నంబర్ చెప్పు, నంబర్ చెప్పు" అని ఒర్లిన. డెబ్బై కింద వడ్డదంట. మిషన్ మీద వెట్టాలె, బెడ్డు ఖాళీ లేదు అంటున్నరంట. నేను ఫోన్ల ఎవలెవలకో చేసిన. దోస్తులకు, డిపోల బాపు తోటోళ్లకు, పేపర్ల వచ్చిన నంబర్లకు, ఎవలు చెప్పితె వాళ్లకు. ఒకడు ఎత్తడు, ఒకడు ఎత్తి పెట్టేస్తడు. ఒకన్ని గంతగనం తిట్టిన, వాడు ఎవడో నాకు ఇప్పటికి తెల్వదు. బ్యాటరీ ఎర్రగైంది. అవ్వ నా దిక్కు చూసి, "ఎన్ని?" అని అడిగింది. నేను ఫోన్ బండ మీద బోర్లవెట్టిన. ఆమెకు అర్థమైంది.

అవ్వ బండ మీద మోకాళ్ల మీద కూసున్నది. ఎండకు ఆ బండ ఎట్ల కాలుతదో నాకెరుక, చెప్పులిడిసి అడుగు వెట్టరాదు. కండ్లు మూసుకున్నది. చేతులు చాపింది. మొదటి మాట గూడ రాలే. "సర్వశక్తిగల" అన్న మాట గూడ రాలే. రోజు వాడంత మోగే నోరు, పెదవులు ఒక్కటే వణుకుతున్నయి. అడ్రసు లేదు, అంతస్తు లేదు, మంచం లేదు. నాకు అన్నిటికంటె ఆ గమ్మునుండుడు భయమైంది. అవ్వా మాట్లాడు, తిట్టు, దేవున్నే తిట్టు, గని మాట్లాడు అని నేను పక్కన కూసోని ఆమె భుజం ఊపుతున్న.

కాక కావడితోని రోడ్డు దిక్కు పోతున్నోడు నిలవడ్డడు. మమ్ముల చూసిండు. బిందెలు దించిండు. బండ కాడికొచ్చి, పందిరి పగ వచ్చినంక మొదటిసారి అవ్వ దిక్కు మొకం వెట్టి, "పెద్దవ్వా" అని ఒక్క మాట అన్నడు. అవ్వ కండ్లు తెరువలే. ఆయన మొక్కలకు తెచ్చిన నీళ్లు ఒక బిందె ఎత్తి, అవ్వ మోకాళ్ల చుట్టూత బండ మీద పోసిండు, కాలకుండ. రెండో బిందె గూడ పోసిండు. ఆటెనుక నెత్తి మీది తువ్వాల తీసిండు. దొడ్డి ఎనుక ఆయన మొక్కే మల్లన్న రాయి ఉంటది, పసుపు పూసింది, దాని ముందటికి పోయి నిలవడ్డడు. ఆడ ఏం అన్నడో నాకు వినవడలే. పెదవులు కదులుడు కనవడ్డది. ఆ దినం మొక్కలకు నీళ్లు పొయ్యలే.

పొద్దుగూకే ముందల అమ్మ ఫోన్ చేసింది. బెడ్డు దొరికింది. మిషన్ మీద వెట్టిన్రు. రెండు దినాలకు నంబర్ ఎక్కుడు మొదలైంది. మెల్లగ, నిద్రలేసినోడు మెట్లెక్కినట్టు, ఒక్కొక్కటి. అవ్వకు మాట వచ్చింది. అడ్రసు గూడ వచ్చింది, మంచం మారింది గదా, కొత్త అడ్రసు చెప్పింది దేవునికి, పాతది కొట్టెయ్యమని గూడ చెప్పింది.

బాపును ఇంటికి పంపిన్రని ఫోన్ వచ్చిన దినం నేను బండ మీద ఎగిరిన. అవ్వ ఏడ్సింది. కంప అవతల కాక గూడ "అబ్బ నా కొడుకా! లేసిండు!" అని రెండు చేతులు పైకెత్తిండు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నయి, మొకం కిందికి దిగింది. "ఆదివారం ఎన్ని దినాలుంది బిడ్డ?" అని అడిగిండు.

ఆదివారం రానే వచ్చింది. ఆడోళ్లంత బండ మీద కూసున్నరు. నేను ఫోన్ ఎత్తిన. పాస్టరయ్య, "మన పెద్దమ్మ సాక్ష్యం చెప్తరు" అన్నడు. అవ్వ కొత్త చీర కట్టింది, కొంగు సదురుకొని లేసింది. నోరు తెరిచిందో లేదో, దొడ్డి కంప తడిక జరిగింది. కాక. తెల్లంగి తొడిగిండు. మూతికి భార్య చీర కొంగు ముక్క కట్టిండు. ఎనుక చిన్నమ్మ, ఈయన ఏం జేస్తడో అని.

"ఆగు పెద్దవ్వా" అన్నడు. "నీ నోటెందుకు జెప్తవు. నేనే జెప్త." నా దిక్కు తిరిగి, "బిడ్డ, మూత తీసున్నదా?" అన్నడు. తీసే ఉన్నది.

ఫోన్‌కు మొకం దగ్గర వెట్టి, కోర్టుల నిలవడ్డట్టు నిటారుగ నిలవడి, చెప్పిండు. "సారూ, ఎవలెవలున్నరో నాకు తెల్వదు, ఉన్నోళ్లందరికి జెప్తున్న. రోడ్డు మీది మొక్కలు తిన్నది నా మేకలే. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే. ముసల్ది చూసింది నిజమే. నా దోస్తు బతికితె సాచ్చెం చెప్త అన్నది. నాకు రెండు దిక్కుల గుంజింది సారూ. వాడు లేవాలె, గని జర ఆలిస్యంగ లేస్తె గా మోడులు చిగురేస్తయి గదా అని గూడ అనుకున్న. తప్పే. ఆ మధ్యాన్నం వాని పానం మీదికొచ్చిందని తెల్సినప్పుడు మొక్కల నీళ్లు ఆన్నే దించిన. మా మల్లన్నకు చెప్పిన: మేకలు పోతె పోనీ, వాన్ని లేపు, ఈ ముసల్దాన్ని బండెక్కి సాచ్చెం చెప్పనియ్యి అని. లేపిండు. ఇగ జుర్మాన రాసుకోండ్రి."

ఫోన్లకెల్లి పాస్టరయ్య గొంతు "దేవునికి స్తోత్రం" అన్నది. ఇగ ఇరవై ఇండ్లు మూత తీసినయి. చప్పట్లు, హల్లెలూయలు, ఎవలింట్లనో పిల్లగాడు ఈల గూడ కొట్టిండు. కాక బిత్తరవోయి నా దిక్కు చూసి, "మేకలు తిన్నయంటె చప్పట్లు కొడుతున్నరేంది బిడ్డ? గీళ్లు ఏ డిపార్ట్‌మెంటు?" అని అడిగిండు.

అవ్వ నడుం మీద చెయ్యి వెట్టుకొని నిలవడ్డది. "నీ మేకలేనారా!" అన్నది. "నాకేం తెలుసురా? నా కండ్లకు మోతిబిందు పొరలు, రోడ్డు దాక ఆనుతదా? నేను చెప్పేది నా కొడుకు ముచ్చటరా, తిక్కలోడా!" కాక చిన్నమ్మ దిక్కు చూసిండు. చిన్నమ్మ కొంగు మూతికి అడ్డం వెట్టుకొని ఒంగి ఒంగి నవ్వుతున్నది. అవ్వ ఆగలే. "చెప్పినవు సరే, సగమే చెప్పినవు. నా చిక్కుడు పందిరి ముచ్చట ఎవడు జెప్తడు? మూత తీసే ఉన్నది, చెప్పు!" ఆయన అది గూడ చెప్పిండు. మల్ల చప్పట్లు. ఆ దినం అవ్వకు సాక్ష్యం చెప్పే టైమే దొరకలే, నా ఫోన్ల బ్యాటరీ అయిపోయింది.

సెక్రటరికి ముచ్చట రెండు దినాల్ల ముట్టింది. వచ్చిండు, చిగుర్లు చూసిండు, కంప చూసిండు, నెత్తి గోక్కున్నడు. "తిన్నోడే పెంచిండు, ఇగ దీన్ని రిజిస్టర్ల ఏ కాలమ్‌ల రాయాలె" అని గునిసి, అవతలి రోడ్డు మొక్కలు గూడ చూసుకొమ్మని కాకకు చెప్పి పోయిండు. నెలకు బాపు ఊరికొచ్చిండు, అంగీల సగం మనిషే ఉన్నడు. ఎప్పటి తీర్గనే ముందుగాల దొడ్డి కాడికి పోయిండు. కాక ఆయన్ని పైకెల్లి కిందికి చూసి, "నీ పానానికి నా మేకలను అడ్డం వెట్టిన నేను, బక్కోడా, ఇగ జర తిను" అన్నడు. బాపుకు ఏం అర్థం గాలే. ఇద్దరు కంపకు ఆనుకొని మాపటి దాక ఊకనే నిలవడ్డరు.

ఇప్పుడు ఆ ముచ్చట తీస్తె మా ఇంట్ల అందరు నవ్వుతరు. మూతికి కట్టిన గుడ్డలు ఏడవోయినయో, ఆ నంబర్ల భయం ఏడవోయిందో. కాలం గమ్మతిది, ఏడ్సిన కాన్నే తీసుకొచ్చి కూసోవెట్టి నవ్విస్తది. పాస్టరయ్య ఏడ కూటం వెట్టినా మా అవ్వ విశ్వాసం గురించి చెప్తడు. చెప్పనియ్యి, నేను కాదన. డాక్టర్ల కష్టం గూడ కాదన. కాక ఇప్పటికి చర్చి గడప తొక్కలే, తొక్కమని అవ్వ గూడ అడగలే. గని గా నెల మొత్తం ఎవల ప్రార్థన గట్టిదని నన్నడిగితె నేను కాక పేరే చెప్త. మనమంత మనకు లాభం ఉన్నదే అడుగుతం. అది వస్తె తన మేకలు పోతయని తెల్సి గూడ, అదే కావాలె అని రెండు బిందెల నీళ్లు బండ మీద పోసి మొక్కిన మనిషిని మీ కూటంల, మీ గుడిల, మీ మసీదుల ఇంకొకన్ని చూసిన్రా? చూస్తె చెప్పుండ్రి, లేకుంటె నాది తప్పని ఎట్లంటరు?